గుమ్మపాల గేదె

కబేళాలో మాంసం పరీక్ష నా డ్యూటీ అని తెలిశాక మా బంధువులు నా చేతి కాఫీ తాగడం తగ్గించారు. తాగకపోతే మానెయ్యండి అనుకున్నాను. పశువుల డాక్టర్ని, వాసనకి అలవాటు పడ్డాను. ఆ పొద్దున్న ఒక గేదె ఊపిరితిత్తుల దగ్గర బిళ్ళ కట్టిన గ్రంథిని కోశాను. కత్తి ఇసకలో దిగినట్టు కరకరలాడింది. లోపల పసుపుపచ్చగా, పాడైన జున్నులా ముద్ద. పక్కటెముకల లోపలివైపంతా గింజలే. క్షయ.

"ఆ ముక్క వరకూ తీసేద్దామండి. మిగతాదంతా శుభ్రంగానే ఉంది కదండీ," అన్నాడు కోసేవాడు, అదే కత్తిని లుంగీకి తుడుచుకుంటూ. ఛీ, వీళ్ళ శుభ్రం తగలెయ్య. మొత్తం గోతిలో వేయించి, సున్నం చల్లించి గానీ నేను కదల్లేదు.

చెవి ట్యాగు నంబరు ఫోన్లో కొడితే దాని యజమాని ఆత్రేయపురం దగ్గర ఒక రైతని తేలింది. సాయంత్రం పాల వేళకి వెళ్ళాను. పాకలో ఇంకో గేదె ఉంది. దాని పక్కనే ఆయన మనవరాలు, మూడు నాలుగేళ్ళ పిల్ల, గుమ్మపాలు తాగుతోంది. పితికినవి పితికినట్టే, కాచకుండా. మూతి నిండా నురగ. గ్లాసు లాక్కున్నాను. పిల్ల ఏడ్చింది.

"ఒంటికి బలమని రోజూ పడతామండి," అన్నాడాయన నొచ్చుకుంటూ.

"మీరు అమ్మిన గేదె దగ్గేదా?"

"దగ్గేదండి. అందుకే కదండీ కోతకిచ్చేశాం."

జనం తినేదని ఆయనకి తోచనే లేదు. నాకు ఒళ్ళు మండింది. దానికి క్షయ ఉందనీ, పచ్చిపాలతో పిల్లకీ రావచ్చనీ చెప్పేసరికి ఆయన మొహం పాలిపోయింది. పిల్లని పెద్దాసుపత్రిలో చూపించమన్నాను. రెండో గేదె మెడకి పరీక్ష సూది వేశాను. జబ్బుంటే అక్కడ వాస్తుందనీ, మూడోరోజు వచ్చి చూస్తాననీ, అప్పటిదాకా పాలు పారబోయమనీ చెప్పాను.

మూడోరోజు వెళ్తే పాక ఖాళీగా ఉంది.

"మీరు చెప్పినట్టే పాపని చూపించామండి. ఇప్పటికైతే ఏం లేదన్నారు. కాచిన పాలే పడుతున్నాం," అని ఆయన చేతులు జోడించాడు.

"గేదె ఏదండీ?"

"మెడ మీద వాపొచ్చిందండి. కాస్త పసుపు రాసి సంతకి తోలేశాం. కొన్నవాళ్ళు ఎవరో తెలీదండి. వాళ్ళింట్లోనూ చిన్నపిల్ల ఉందంట. గుమ్మపాలకనే వెతుక్కుంటూ వచ్చారు."