వేలెడు పదును

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఎద్దులు పరిగెత్తే బాటను నలభై అడుగుల మేర పాడుచేసిన ఘనుణ్ణి నేనే. ఎవరి మీదో కోపంతో చేసి ఉంటే కాస్త గౌరవంగానైనా ఉండేది. బాగుచేద్దామని చేశాను.

మాది కోడుమూరు దగ్గర పల్లె. ఏరువాక పున్నమి నాడు ఎద్దుల కొమ్ములకు రంగులు పూసి, మెడలో గంటలు కట్టి ఊరి బయట పరిగెత్తిస్తారు. మర్నాటి నుంచి విత్తనానికి పోవలసిందీ ఆ ఎద్దులే. మా నేలలో జానెడు మట్టి కింద అంతా గరుసు రాళ్ళు. పరుగులో అవి గిట్టకు తగిలి ఎద్దు కుంటిందంటే ఆ ఇంటికి ఆ ఏడు సేద్యం లేనట్టే. అందుకని బాటను మెత్తగా, నున్నగా సాపు చేయాలి. ఏటా ఆ పని మా జేజినాయనది, అంటే మా నాయనకు నాయనది. రెండువేల సంవత్సరం దాటి, ఊళ్ళోకి ట్రాక్టరూ మీటల సెల్‌ఫోనూ వచ్చేసినా బాట మాత్రం ఆయన చేతికిందే ఉండేది.

ఆ ఏడు తొలివాన మొహమాటానికి వచ్చిన చుట్టంలా గడపలోనే నిలబడి వెళ్ళిపోయింది. మంచి వాన పడి నేలకు తడి పదునెక్కితే, ఎద్దులు లాగే ఇనుప అలుగు గుంటకతో మట్టిని గీకి, గుల్లచేసి, తర్వాత అణచడం అలవాటు. ఈసారి జేజినాయన గుంటకను ముట్టుకోలేదు. తుమ్మకంప కొట్టి, దాని మీద ఒక బండ పెట్టి, ఎద్దులతో బాట పొడుగునా ఒక్కసారి లాగించాడంతే. "ఇంగ దీన్ని ఎవురూ తొక్కగూడదు" అని మనుషులకూ చెప్పాడు, మేకలకూ చెప్పాడు.

నాకప్పుడు పదేళ్ళు. చదువులో వెనకబడినా భోజనంలో ముందుండేవాణ్ణి. జేజినాయనకు వయసు మీదపడి పని ఎగ్గొడుతున్నాడని నాకు అనుమానం వచ్చింది. పండగ ముందురోజు ఆయన గంటల తాళ్ళు కొనడానికి కోడుమూరు పోయిన సమయం చూసి, మా ముసలి ఎద్దులకు గుంటక కట్టాను. ఇనుము లోతుగా దిగాలని దాని మీద ఎక్కి నిలబడ్డాను. అన్నేళ్ళు నేను తిన్న తిండికి ఫలితం కనిపించింది ఆ ఒక్కరోజే.

మొదట నల్లగా, తడిగా మట్టి పైకి లేచింది. నా ఛాతీ దానికన్నా పైకి లేచింది. ఇంతలో కరకరమని శబ్దం. వెనక్కి తిరిగి చూస్తే గరుసు తేలి ఉంది. పైకొచ్చిన తడిమట్టి ఎండకు బూడిదరంగు తిరిగిపోతోంది. ఎద్దు ఒకటి తనంతట తనే ఆగి, మెడ తిప్పి నన్ను చూసింది. తర్వాత పరీక్ష పేపర్లు దిద్దే అయ్యవార్లు చాలామంది అలా చూశారు గానీ, ఆ ఎద్దు చూపుకు ఎవరూ సాటిరారు.

జేజినాయన తిరిగొచ్చేసరికి నేను గడ్డివామి వెనక ఉన్నాను. ఆయన కొట్టలేదు. గుప్పెడు దుమ్ము తీసి గాలికి వదిలాడు.

"శానా బాగ గీకినావప్పా. ఈడుండే పదును యాడికి పోయిందో నువ్వే ఎతుకు. బాట ఎక్కొద్దు, అంచెంబడి పో. అడుగడుక్కీ ఏలు గుచ్చి సూడు. ఏలంతా దిగి తడి తగిల్తే నాకు చెప్పు."

మోకాళ్ళ మీద బయల్దేరాను. ఎక్కడ గుచ్చినా వేలి మొదటి గీతదాకా చల్లగా ఉండేది, దాని కింద ఎండిన గోడే. అటుగా పోతున్న పక్కింటి అక్క బిందె దించి మరీ నిలబడింది.

"ఏమప్పా, భూమికి సూదులేస్తాండావా? జరం ఎంతుండాది?"

"నాకే వస్తాండాది అక్కా" అన్నాను. నవ్వుకుంటూ పోయింది. అలా గుచ్చుకుంటూ పోగా, ఉన్న పదునంతా వేలెడు కూడా లేదనీ, దాన్ని నేను తవ్వి ఎండకు వడ్డించాననీ నెమ్మదిగా నా బుర్రకు ఎక్కింది.

బాట చివర, వాననీరు జారి నిలిచిన గట్టునీడలో వేలు మొత్తం దిగింది. "జేజినాయనా, దొరికింది!" అని అరుస్తూ గట్టు ఎక్కాను. అవతల ఆరు గంపలు, రెండు పారలు, వాటి పక్కనే నవ్వు ఆపుకుంటున్న పక్కింటి అక్క. తడిమట్టి ఎక్కడుందో జేజినాయనకు ముందే తెలుసు. నన్ను మోకాళ్ళ మీద పంపిన వెంటనే ఆమెకు కబురు కూడా పెట్టాడట.

పొద్దుగూకేదాకా ఆ మట్టిని గంపలతో మోసి, తేలిన గరుసు మీద పలచగా పరిచాం. మళ్ళీ కంప కట్టారు. ఈసారి జేజినాయన బండ దించి, గోనెసంచి మడిచి నన్ను కూర్చోబెట్టాడు.

"కొత్తమట్టి, బండైతే బరువెక్కువ. ఈడు సరిపోతాడు."

"బండకూ ఈనికీ తేడా యాడుండాది తాతా?" అంది అక్క.

గోనెసంచి ఒక మడతే వేశారు. తుమ్మముళ్ళు నాలుగు మడతలంత పొడుగున్నాయి.

మర్నాడు ఎద్దులు బయల్దేరాయి. ఆ నలభై అడుగులు దగ్గరపడగానే కళ్ళు మూసుకుని కరకర శబ్దం కోసం విన్నాను. గంటలే వినిపించాయి. కళ్ళు తెరిస్తే అన్నీ దాటిపోయాయి, ఒక్కటీ కుంటలేదు. జేజినాయన చెయ్యి నా భుజం మీద ఉందని అప్పుడు తెలిసింది. గోళ్ళు దిగి ఉన్నాయి.

ఇప్పుడు నాకు నలభై దగ్గరపడుతోంది. ఏది కొంచెంగా ఉన్నా, ఓపికైనా సరే, ముందు వేలు పెట్టి చూస్తాను, తర్వాతే గీకుతాను. నెత్తిమీద జుట్టు పలచబడ్డాక దువ్వెన కూడా లోతుగా దించడంలేదు.

అయితే ఆ ముళ్ళ బాకీ మాత్రం అదేరోజు తీర్చుకున్నాను. మధ్యాహ్నం ఓళిగలు, అంటే బొబ్బట్లు. జేజినాయనకు ఓళిగ నేతిలో మునగాలి. ఆ కరువులో ఇంట్లో ఉన్నది చిన్నగిన్నెడు నెయ్యి. వడ్డించమని అవ్వ గిన్నె నా చేతికిచ్చింది. అందరూ చూస్తుండగా అందులో వేలు ముంచి, పైకెత్తి చూపించాను.

"ఏలెడు గూడా లేదు జేజినాయనా. లోతు పోగూడదు."

గరిటె వీపుతో ఆయన ఓళిగ మీద ఒక్కసారి నున్నగా రాసి, మిగిలిన గిన్నె నా ఓళిగ మీద బోర్లించాను. జేజినాయన ఓళిగను అటూ ఇటూ వంచి చూశాడు. వేలితో నొక్కి చూశాడు.

"సాపు బాగ చేసినావు" అన్నాడు. పని విషయంలో ఆయన నన్ను మెచ్చుకున్నది జీవితంలో ఆ ఒక్కసారే.