సిల్వో గురి తప్పిన పెనాల్టీ

మోకాలు సరిగా వంగకపోయినా సిల్వో చేతికర్ర పట్టడు. ఆట మానేసి ఇన్నేళ్లయినా ఆ పాత ఫుట్‌బాల్ ఫార్వర్డ్ కనిపిస్తే చాలు, ప్తుయ్ పట్టణం సంతలో గుమ్మడిగింజల నూనె అమ్మే ఆడవాళ్లు కేకేసి పలకరిస్తారు. అతను ఛాతీ విరుచుకుని నడుస్తాడు. క్లబ్బు అతనికి చేయబోయే సన్మానసభలో అతని గోల్స్ తెరమీద వేస్తామనీ, కప్పు పోగొట్టిన పెనాల్టీ మాత్రం తీసేశామనీ క్లబ్బు కార్యదర్శి తిలెన్ చెప్పాడు.

"ఎందుకు తీశావ్?"

"నీ పరువు కోసమే, బాబాయ్."

"నా పరువు నువ్వు కాయక్కర్లేదురా. ఆ రోజు అందరూ బూట్ల వంక చూసుకుంటుంటే బంతి దగ్గరికెళ్లింది నేనొక్కణ్ణే. అది వెయ్యకపోతే నేను రాను."

వేశారు. బంతి గోలుపోస్టు మీదుగా ఎగిరిపోయింది. సభంతా తలలు దించుకుంది. సిల్వో కుర్చీ పట్టుకుని లేచి నిలబడ్డాడు.

"ఎవరూ చూసినట్టు లేరు. మళ్లీ వెయ్యండి!" అన్నాడు.