నడికట్టు విప్పిన నడుము

ఎర్మెంగోల్ ముప్పై ఏళ్లుగా వాళ్స్ ఊరి మనుషుల గోపురంలో అట్టడుగున నిలబడుతున్నాడు. అతని భుజాల మీద ఒకరు, వాళ్ల మీద ఇంకొకరు, అలా ఎనిమిది అంతస్తులు. మెడ పొట్టి, పాదాలు వెడల్పు. ఊరికే నడిచినా బరువు మోస్తున్నట్టే ఉంటాడు. నడుంనొప్పి పట్టుకున్నాక ఫిజియోథెరపిస్ట్ కెరాల్ట్ దగ్గరికి వస్తున్నాడు, గోపురం కట్టేటప్పుడు నడుముకు చుట్టుకునే పది గజాల నల్ల నడికట్టుతో సహా. దాని కొస ఆమె చేతికిచ్చి, గిరగిర తిరుగుతూ నడుముకు బిగించుకుంటేగాని చాప మీదికి దిగడు. అప్పుడిక మోకాళ్లూ అరచేతులూ ఆనించి వంగి కుడిచెయ్యి ముందుకు, ఎడమకాలు వెనక్కు చాస్తే బండలా కదలడు.

"వ్యాయామం ఆ గుడ్డ చేస్తోంది బాబాయ్, నువ్వు కాదు. విప్పు," అంది కెరాల్ట్ గురువారం నాడు.

"ఇది లేకపోతే మా ఆవిడ కూడా నన్ను గుర్తుపట్టదమ్మాయ్."

"ఆదివారం నిన్ను కింద నిలబెట్టొచ్చా అని మీ గోపురం జట్టు నాయకుడు అడిగాడు. ఏం చెప్పమంటావు?"

విప్పాడు. చెయ్యి చాచగానే నడుము పడవలా ఊగింది. ఊపిరి బిగబట్టాడు.

"ఊపిరి ఆపకు," అంటూ ఆమె వీపు మీద అరచెయ్యి ఆనించింది. పది శ్వాసలకు ఊగడం సన్నగిల్లింది.

"చెప్తావా మరి, నిలబడగలనని?"

"ఇవాళ నిన్ను నువ్వు మోశావు బాబాయ్. అంతవరకే చెప్పగలను."

ఎర్మెంగోల్ లేవలేదు. చెయ్యి మార్చి, రెండో కాలు చాచాడు.