గేమ్ పెట్టెలో మా వీధి జట్టు

జూన్ 18, ఆదివారం. పొద్దున్నే నా స్నేహితుడు బాషా తన టీవీ గేమ్ పెట్టె విప్పితే లోపల కంప్యూటర్‌లో ఉండేలాంటి హార్డ్‌డిస్కే కనిపించింది! మూడేళ్లుగా ఇద్దరం ఆడించిన క్రికెట్ జట్టు అందులోనే ఉంది. ఆటగాళ్లందరికీ మా చీరాల వీధి నేతగాళ్ల పేర్లే పెట్టాం. రేపు వాడు విజయవాడ హాస్టల్‌కి వెళ్లిపోతున్నాడు.

"ఒరేయ్, ఇక వచ్చే గేమ్ పెట్టెలన్నీ కంప్యూటర్లేరా! ఇది నీ దాంట్లో పెట్టుకో, జట్టు నీ దగ్గరుంటుంది," అని డిస్కు నా చేతిలో పెట్టాడు.

ఇంటికెళ్లి తగిలించాను. ఫార్మాట్ చేయాలా అని కంప్యూటర్ అడిగింది. తెరవడానికేమో అనుకుని అవునని నొక్కాను. జట్టంతా చెరిగిపోయింది.

సాయంత్రం వాడొచ్చి, "ఏరా, మనోళ్లంతా క్షేమమేనా?" అంటే తలూపాను. క్షేమం అనే మాట ఇంత బరువని ఈ రోజే తెలిసింది. మీరైతే చెప్పేసేవాళ్లా?

రేపు పొద్దున ఆరింటికి స్టేషన్‌కి వెళ్తాను. రైలు కదిలేలోపు చెప్పేస్తాను.