ఊడ్పుల రోజుల్లో మా నర్సరీ

మా ఇంట్లో సంపాదనపరులు ఇద్దరు. నాన్న రాజమండ్రిలో ఒక కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవారు. అమ్మ కడియం దగ్గర మా ఊళ్లో, పుట్టింటివాళ్లు తనకిచ్చిన అరెకరంలో నర్సరీ నడిపేది. నాన్నది ఉద్యోగం, అమ్మది కాలక్షేపం అని మా చుట్టాల అభిప్రాయం. ఆ మాట పైకి అన్నవాళ్లకి మా ఇంట్లో రెండోసారి కాఫీ దొరికేది కాదు. ఆ విషయంలో నేను పూర్తిగా అమ్మ పక్షం. ఇప్పటికీ అంతే.

నేను డిగ్రీ చదువుతున్న రోజులు, తొంభైల చివరి మాట. మొక్కల వ్యాపారానికి వానాకాలమే అసలు కాలం. తొలకరి పడగానే ఎక్కడెక్కడినుంచో లారీలు వచ్చి మా రోడ్డు మీద బారులు తీరేవి. వచ్చిన చిక్కల్లా, సరిగ్గా అప్పుడే చేలల్లో సార్వా ఊడ్పులు మొదలయ్యేవి. మాకు మట్టీ ఎరువూ కలిపి సంచులు నింపే ఆడవాళ్లే అక్కడ వరినాట్లు వేసే ఆడవాళ్లు. ఏడాది పొడుగునా రోజుకూలికి మా దగ్గరికి వచ్చే ముఠా, ఊడ్పులు రాగానే మమ్మల్ని మరిచిపోయేది. చేలో పని గుత్తకి. ఎకరానికింత అని మాట్లాడుకుని, పొద్దు పొడవకముందే దిగి, మధ్యాహ్నానికి ముగించుకుని ఇంటికి పోతారు. మా దగ్గర సాయంత్రం దాకా వంగి కూర్చున్నా అంత గిట్టదు.

"ఇందులో ఆశ్చర్యం ఏముందోయ్, ఎక్కువ ఇచ్చేచోటికి వెళ్తారు. నేను క్లాసులో చెప్పేది ఇదే" అనేవారు నాన్న, పేపరు మడుస్తూ.

"మీరు క్లాసులో చెప్పండి. నా సంచులు ఎవరు నింపుతారో అది చెప్పండి" అనేది అమ్మ.

ఒక ఏడు హైదరాబాదులో తోటలు వేయించే కాంట్రాక్టరు ఒకాయన లారీడు క్రోటన్లు కావాలన్నాడు. చిన్న కవర్లలో ఉన్న మొక్కలన్నిటినీ పెద్ద సంచుల్లోకి మార్చి ఇవ్వాలి. ఆదివారం సాయంత్రం లారీ వస్తుంది. ముందటేడు వానలకి మొక్కలు కుళ్లి అమ్మ బాగా నష్టపోయింది. పక్కనున్న పెద్ద నర్సరీవాళ్లు మా స్థలం కౌలుకి అడుగుతున్నారు. ఈ లారీ కూడా వెళ్లకపోతే కౌలుకి ఇచ్చేద్దామని నాన్న అన్నారు. అమ్మ సరేనంది. సరేనన్నాక రెండు పూటలు మంచం దిగలేదు.

తర్వాత లేచి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, ముఠా మేస్త్రి ఇంటికి వెళ్లింది. మేస్త్రి అంటే ఆ పదిమందికీ పని మాట్లాడే ఆవిడ. నల్లగా, పొడుగ్గా, ఎవరికీ జంకని మనిషి. నాకావిడంటే భయమూ ఇష్టమూ.

"కూలి పెంచుతానే, రండి" అంది అమ్మ.

"కూలి కాదండి అమ్మగారూ, చేను ఒప్పేసుకున్నాం. మాట తప్పితే వచ్చే ఏడు ఏ రైతు పిలుత్తాడండి?"

కాసేపటికి ఇద్దరూ ఒక దారి కనిపెట్టారు. పొద్దున్న చేలో ఊడ్పు, అన్నాలు తిన్నాక మా నర్సరీలో చీకటి పడేదాకా సంచులు. అదీ రోజుకూలికి కాదు, సంచికింత అని గుత్తకి. గుత్తకి చేస్తే కంగారులో మొక్కల వేళ్లు తెగుతాయని అమ్మ ఎప్పుడూ ఒప్పుకునేది కాదు. ఇప్పుడు ఒప్పుకోక తప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం వచ్చారు. కాళ్లకి మోకాళ్ల దాకా చేలో బురద అలాగే ఉంది. నేను టీ పోస్తున్నాను. నాన్న కూడా ఆ రోజు కాలేజీ నుంచి తొందరగా వచ్చారు, చూద్దామని.

ముఠాలో ఒక ముసలావిడ ఉండేది. అందరూ మామ్మ అనేవారు. మిగతావాళ్లు మూడు సంచులు నింపితే ఆవిడ ఒకటి నింపేది. నాన్న అది గమనించి అమ్మని పక్కకి పిలిచారు. "అందరూ ఒక్కచోటే పేర్చి సమానంగా పంచుకుంటే, చురుగ్గా చేసేవాళ్లకి ఏం ఉత్సాహం ఉంటుంది? ఎవరి వరస వాళ్లకి పెట్టు, ఎవరు చేసింది వాళ్లకి ఇయ్యి. పని పరిగెడుతుంది."

మా అమ్మ నాన్న మాట విన్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టచ్చు. ఆ రోజు విని, వరసకొక వెదురుపుల్ల పాతి, ఇది నీది, ఇది నీది అని చూపించింది. న్యాయం చేస్తున్నాననే అనుకుంది పాపం. ఆ పూటంతా కబుర్లు లేవు, నవ్వులు లేవు. మామ్మ మాత్రం తల ఎత్తకుండా గబగబా నింపబోయి రెండు సంచులు చింపుకుంది.

ఆ మర్నాడు ముఠా రాలేదు.

అమ్మ మధ్యాహ్నం అంతా గేటు దగ్గర నిలబడింది. మార్చాల్సిన మొక్కలు సగానికి పైగా అలాగే ఉన్నాయి. నాన్న అవసరం లేకపోయినా స్కూటరు తుడిచారు. చివరికి అమ్మ మళ్లీ వాళ్ల పేటకి బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను.

మేస్త్రి మాకు నులకమంచం వాల్చింది. కోపంగా లేదు, అందుకే నాకు ఇంకా భయం వేసింది.

"అమ్మగారూ, నాకు నాటు వెయ్యడం నేర్పింది మామ్మేనండి. నా కాన్పప్పుడు మామ్మే మేస్త్రి అండి. నేను చేలోకి దిగకపోయినా నా వాటా ఇంటికి పట్టుకొచ్చి ఇచ్చింది. ఇయ్యాల ఆవిడ చెయ్యి ఆడట్లేదని ఆవిడ వరస ఆవిడదే అంటే ఎలాగండి? రేపు మా చేతులూ ఆడవు కదండి."

అమ్మ వాళ్లిచ్చిన టీ తాగి, గ్లాసు కింద పెట్టి, "నాకు తెలియలేదే. రేపట్నుంచి మీ లెక్క మీది. సంచులు ఎన్నో చెప్పండి చాలు" అంది.

"ఆయ్, వత్తామండి" అంది మేస్త్రి.

వచ్చారు. కబుర్లూ వచ్చాయి. మామ్మ సంచులు నింపడం మానేసి, తడిమట్టి కలిపి అందరి ముందూ కుప్పలు పోస్తూ కూర్చుంది. మట్టి కోసం ఎవరూ లేవక్కర్లేకపోయింది. అందరికీ సమానమైతే ఎవరూ ఒళ్లు వంచరన్న మా నాన్న, అరుగు మీద కూర్చుని అదంతా చూశారు. ఆయన్ని నేను బోలెడు ఏడిపించాను, నవ్వి ఊరుకున్నారు. అలా నవ్వగలగడమే ఆయనలో నాకు అన్నిటికంటే నచ్చేది.

ఆదివారం ముఠాలో ఒకమ్మాయికి జ్వరం వచ్చింది. ఇంకా చాలా మొక్కలు మిగిలి ఉన్నాయి. లారీ అనుకున్నదానికంటే ముందే వచ్చేసి రోడ్డు పక్కన ఆగింది. అమ్మ ఒక్క క్షణం చూసి, ఆ అమ్మాయి ఖాళీ చేసిన చోట గోనె వేసుకుని కూర్చుంది. నర్సరీ పెట్టిన దగ్గర్నుంచి నిలబడి పని చెప్పడమే గానీ గంటల తరబడి కూర్చుని చేసిన అలవాటు లేదు. మామ్మకంటే నెమ్మదిగా నింపింది. పక్కనున్నవాళ్లు ముసిముసిగా నవ్వుతూ, అమ్మ నింపలేని సంచులు లాక్కుని నింపారు. పొద్దుగూకక ముందే ఆఖరి మొక్క లారీ ఎక్కింది. నర్సరీ నిలబడింది.

అమ్మ గుత్త డబ్బు మొత్తం మేస్త్రి చేతిలో పెట్టింది. మేస్త్రి అక్కడే నేల మీద కూర్చుని వాటాలు వేసింది. మామ్మకి అందరితో సమానంగా ఒకటి. జ్వరం వచ్చిన పిల్లకి ఒకటి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆ పూట కూలి లెక్క చూసుకుని, ఒక చిన్న వాటా తీసి అమ్మ వైపు చాపింది.

"నాకెందుకే? డబ్బు ఇచ్చిందే నేను" అంది అమ్మ.

"ఇచ్చింది నర్సరీ అండి. మీరియ్యాల మాతో కూర్చున్నారు కదండి. కూర్చున్నోళ్లకి వాటా ఉంటదండి."

ఎవరూ నవ్వలేదు. అమ్మ మట్టిచేతులు కొంగుకి తుడుచుకుని, రెండు చేతులూ చాపి తీసుకుంది. ఆ వయసులో ఆవిడకి అదే మొదటి కూలి అని నాకు అప్పుడు తట్టింది.

లారీ క్లీనరు టీ డబ్బులు అడుగుతున్నాడని, చిల్లర ఉందా అంటూ నాన్న వచ్చారు. అమ్మ ఆ నోట్లు కొంగుకి ముడి వేసుకుంది.

"ఇవి నావండీ. మీరు ఇంట్లోంచి తెచ్చి ఇవ్వండి" అంది.