పురుగు పట్టిన కొసలు

మా మామయ్యతో వాదించి గెలిచినవాళ్ళు నాకు తెలిసి ఎవరూ లేరు. మొక్కల విషయంలోనైతే ఆ సాహసం చేసినవాళ్ళే లేరు. పెద్దాసుపత్రి తోటలో ముప్పై మూడేళ్ళు తోటమాలిగా పనిచేసిన మనిషి. పెద్ద డాక్టర్ల దగ్గర్నుంచి వరండాలు ఊడ్చేవాళ్ళ దాకా అందరూ ఆయన్ని 'కత్తెర' అనే పిలిచేవాళ్ళు. ఆయన కత్తిరించిన కంచె మీద నిండు గ్లాసు పెట్టినా తొణకదనేవాళ్ళు. ప్రతి మొక్క పాదులోనూ ఒక రేకు ముక్క గుచ్చి, దాని పేరు తెల్లరంగుతో తనే రాసేవాడు. చదివింది ఐదో తరగతే అయినా అక్షరాలు అచ్చు గుద్దినట్టుండేవి.

ఆయన రేకు గుచ్చని మొక్క ఒక్కటే ఒక్కటి. అది ఆయన ఇంట్లోనే, పడకగది కిటికీ కింద ఉంది.

దాన్ని తెచ్చింది అత్తయ్య. ఆవిడ అదే ఆసుపత్రిలో, ఉతికిన దుప్పట్లు మడతపెట్టే గదిలో పనిచేసేది. ఎవరో ముసలావిడ జబ్బు నయమై ఇంటికి వెళ్ళిపోతూ, మందుసీసాలో నీళ్ళు పోసి వేళ్ళు తొడిగించిన చిన్న కొమ్మనొకదాన్ని ఈవిడ చేతిలో పెట్టిందట. "పూసినప్పుడు నన్ను తలుచుకో" అందట. పేరేమిటని అడిగేలోపు ఆవిడ చక్రాల కుర్చీ గేటు దాటిపోయింది. అత్తయ్య ఆ కొమ్మను తడిగుడ్డలో చుట్టి తెచ్చి కిటికీ కింద నాటింది.

అది బతికి నడుమెత్తు పొద అయింది. చిన్న ఆకులు, ముదురాకుపచ్చ, నూనె రాసినట్టు మెరిసేవి. మామయ్య దాన్ని బోర్లించిన గిన్నెలా గుండ్రంగా కత్తిరించి పెట్టేవాడు. చూడముచ్చటగా ఉండేది, కాదనను. కానీ ఇరవై రెండేళ్ళలో ఒక్క పువ్వు కనపడితే ఒట్టు.

"ఈ ఏడైనా పూస్తుందంటారా?" అని అత్తయ్య ఏటా అడిగేది.

"ఇది పూసే రకం కాదు. ఆకు అందం కోసం పెంచే రకం" అని మామయ్య ఏటా అదే జవాబు చెప్పేవాడు.

పైగా దానికి పురుగు పట్టేది. వానలు వెనకపట్టే రోజులకి కొసల్లోనూ ఆకుల మొదళ్ళలోనూ గోధుమరంగు నూగుతో చిన్న చిన్న బుడిపెలు లేచేవి. మామయ్య కళ్ళజోడు పెట్టుకుని, పీట వేసుకుని, ఒక్కో ఆకూ ఎత్తి చూసి, ప్రతి బుడిపెనీ కత్తిరించి డబ్బాలో వేసి తగలబెట్టేవాడు. మిగతా మొక్కలకి పాకకూడదని. మందు కొట్టకుండా చేత్తో ఏరేస్తానని, ఒక్కటి కూడా వదలనని ఆయనకి గొప్ప.

మా ఇంట్లో అందరం చెప్పుకుని నవ్వే సంగతి ఒకటుంది, అదీ చెప్పాలి. ఎనిమిదేళ్ళ కిందట, చలి తగ్గి ఎండ చురుక్కుమంటున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉన్నాను. అత్తయ్య కిటికీ పక్కన కూర్చుని దిండ్లకి గలీబులు తొడుగుతోంది. ఉన్నట్టుండి లేచి, "అరటిపండు వాసన వస్తోంది, ఎక్కడో మగ్గిపోతోంది" అంది. ఇంట్లో అరటిపండన్నదే లేదు. చెప్తే వినదే! అలమరలు వెతికింది, డబ్బాల మూతలు తీసింది, మంచం కింద దూరింది, చివరికి నా సంచీ కూడా బోర్లించి దులిపింది. మామయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. నాకూ నవ్వాగలేదు. అప్పట్నుంచి ఆవిడ తాళాలు వెతికినా, కళ్ళజోడు వెతికినా, "ఏంటి, అరటిపండా?" అనడం మాకు అలవాటైపోయింది. ఆవిడ మూతి ముడుచుకునేది, కాసేపటికి తనే నవ్వేసేది.

నిరుడు అత్తయ్య మంచం పట్టింది. మూత్రపిండాలు పాడయ్యాయి, ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు. మొక్క కనపడేలా మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాం. వానలు తగ్గాక ఒక పొద్దున ఆవిడ మోచేతి మీద కాస్త లేచి, "కొసల్లో ఏవో వస్తున్నాయండీ, మొగ్గలేమో చూడండి" అంది.

"మొగ్గలా పాడా? పురుగు" అని మామయ్య కత్తెర పట్టుకెళ్ళి, ఆవిడ చూస్తుండగానే అన్నీ తీసేశాడు. పాపం, ఆవిడ కళ్ళకి మొక్క శుభ్రంగా కనపడాలని.

"మీకు తెలియనిదేముంది లెండి" అంది అత్తయ్య. అందులో వెటకారం లేదు. ఆవిడ నిజంగానే అలా నమ్మేది. తర్వాత పది రోజులకి పోయింది.

ఆ మాట మామయ్యని పట్టుకుని వదల్లేదు. కిటికీ తలుపులు మూసేశాడు. అన్నం ముందు కూర్చుని, కలుపుకుని, అలాగే వదిలేసేవాడు. ఈ ఏడు వానలు మొదలయ్యాక ఒకరోజు నాలుగు ఆకులు కాగితంలో పొట్లం కట్టి నా చేతిలో పెట్టాడు. నేను పనిచేసేది కాలేజీలో, మొక్కల ల్యాబులో. గాజుపలకలు కడగడం, సీసాల మీద చీటీలు అంటించడం నా పని.

"మీ మొక్కల మేడమ్‌కి చూపించి పేరు కనుక్కో. అలాగే, ఇది పూసే రకం కాదని ఆవిడ చేత ఒక్క మాట చెప్పించు" అన్నాడు.

ఆయనకి కావలసింది పేరు కాదని నాకు తెలుసు. పూసే రకం కాకపోతే, మంచంలో ఉన్న భార్యకి తను చెప్పింది నిజమవుతుంది. ఆ ఒక్కటి తేలితే ఆయన నిద్రపోగలడు.

మేడమ్ ఆకులు తిరగేసి చూశారు. "ఆకుని బట్టి చెప్తే అది జోస్యం అవుతుందమ్మా. ఇలాంటి ఆకులు సవాలక్ష. పువ్వు తీసుకురా."

"అది పూయదండీ. నాటి ఇరవై రెండేళ్ళయింది."

"ఇరవై రెండేళ్ళ పొద పూయడం లేదంటే ఏదో కారణం ఉంటుంది" అన్నారు.

ఈ మాట మామయ్యతో చెప్పలేకపోయాను. ఇంకా చూస్తున్నారు, పుస్తకాలు తిరగేస్తున్నారు అని మూడు నెలలు అబద్ధాలతో నెట్టుకొచ్చాను. పిరికిదాన్నని అనండి, పడతాను.

చివరికి మేడమే, "పద, మీ మొక్కని చూసొద్దాం" అని బయల్దేరారు. మేం వెళ్ళేసరికి మామయ్య పొద ముందు పీట వేసుకుని కత్తెర నూరుకుంటున్నాడు. పక్కన డబ్బా సిద్ధంగా ఉంది.

"వేళకి వచ్చారు. పురుగు పట్టింది, కాసేపాగండి. ఇవన్నీ తీసేశాక చూస్తే మొక్క కళగా ఉంటుంది" అన్నాడు.

మేడమ్ ఒక బుడిపెని తుంచి, సంచీలోంచి బ్లేడు తీసి నిలువునా కోశారు. అరచేతిలో పెట్టి ఆయన ముందుకు చాపారు. నూగు పొర లోపల లేత తెలుపు రేకులు, మడతపెట్టిన దుప్పట్లలాగా, ఒకదాని మీద ఒకటి ఒద్దికగా ఉన్నాయి.

"ఇది పురుగు కాదండీ, మొగ్గ" అన్నారు.

మామయ్య ఇంకో బుడిపె తుంచి, బ్లేడు అడిగి తీసుకుని తనే కోశాడు. తర్వాత ఇంకొకటి. నాలుగోదాని మీదికి చెయ్యి పోతుంటే నేను పట్టుకున్నాను.

"వీటిని ఏటా తీసేస్తున్నారా? అన్నీనా?" అని మేడమ్ మెల్లగా అడిగారు.

"ఒక్కటి కూడా వదలకుండా" అన్నాడు.

ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్న మాటే. ఆ రోజు ఆ గొంతులో వినలేకపోయాను.

ఆ తర్వాత కత్తెర మేకుకి తగిలించి మళ్ళీ ముట్టుకోలేదు. పొద గుండ్రటి రూపు పోయి ఇష్టమొచ్చినట్టు కొమ్మలు వేసింది. మామయ్య గడ్డం కూడా అలాగే పెరిగింది. తెలియక చేశావు కదా అని ఓదార్చబోతే కసిరాడు. "తెలియకపోవడమేంటే? తెలుసని చెప్పాను కదా మీ అత్తయ్యకి! తెలియదని ఒక్కసారి అనుంటే, పోనీ చూద్దామనేది."



చలి తగ్గాక, ఒక ఆదివారం మధ్యాహ్నం వెళ్ళాను. వంటింట్లో డబ్బాలన్నీ మూతలు తీసి నేల మీద పరిచి ఉన్నాయి. మామయ్య వాటి మధ్య నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, నువ్వేమైనా అరటిపళ్ళు తెచ్చి ఎక్కడైనా పెట్టి మర్చిపోయావా? నిన్న మధ్యాహ్నం కూడా ఇదే వాసన. ఎక్కడో మగ్గిపోతోంది."

పాత అలవాటు కొద్దీ, 'ఏంటి, అరటిపండా?' అని నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నేను ఏ పళ్ళూ తేలేదు. వాసన మాత్రం నాకూ వస్తోంది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మామయ్య డబ్బాలు దాటుకుంటూ పడకగదిలోకి వెళ్ళి, ఏడాదిగా మూసి ఉన్న కిటికీ గడియని గుద్ది తీశాడు. మగ్గిన అరటిపండు వాసన గుప్పుమని లోపలికొచ్చింది.

బయటికెళ్ళి ఎప్పటిలాగే ఒక్కో ఆకూ ఎత్తి చూశాడు. నాలుగో ఐదో ఆకు కింద పువ్వు తల వంచుకుని ఉంది. బొటనవేలంత కూడా లేదు. మీగడ రంగు, అంచున కాస్త ఊదా. ఆకు ఎత్తితే తప్ప కనపడదు.

మర్నాడు ఒక పువ్వుని తడిగుడ్డలో పెట్టి తీసుకెళ్తే, మేడమ్ చూడకముందే వాసన పట్టి నవ్వారు. "సంపెంగ కుటుంబమేనమ్మా, పొట్టి రకం. ఈ అరటిపండు వాసనే దీని గుర్తు. ఎండపూట ఒక్క పువ్వు పూసినా చాలు, పక్కనున్న గదిలోకి వచ్చేస్తుంది" అని పేరు చీటీ మీద రాసిచ్చారు.

సాయంత్రం మామయ్యకి చీటీ ఇచ్చి, ఆవిడ అన్నదంతా అన్నట్టే చెప్పాను. ఒక్క పువ్వు పూసినా చాలన్న ముక్క మింగేయాల్సింది. అబద్ధాలు చెప్పీ చెప్పీ విసిగిపోయి ఉన్నాను. ఆయన ఎప్పుడో కత్తిరించి పెట్టుకున్న రేకు ముక్కని ఒళ్ళో పెట్టుకుని, బ్రష్షు తెల్లరంగులో ముంచి, రాయకుండా కూర్చున్నాడు.

"ఆ ఏడు నా కంటికి కనపడక ఒకటి మిగిలిపోయి ఉంటుంది" అన్నాడు.

"అవును మామయ్యా."

"అంటే పూసింది. మీ అత్తయ్య కిటికీ పక్కనే కూర్చుంది కదా, తనకి తెలిసింది. మనం నవ్వాం."

మనం అన్నందుకు నాకు కోపం రాలేదు. నా సంచీ బోర్లించి దులుపుతున్న అత్తయ్యని చూసి, మంచం మీద పడి దొర్లి నవ్వింది నేనే. ఆవిడ పాపం ఇల్లంతా వెతికింది. ఒక్కసారి బయటికెళ్ళి చూద్దామని మా ఇద్దరిలో ఎవరమూ అనలేదు.