మలాం డబ్బాలో అమ్మ వాసన

మొన్న నాగర్‌కర్నూల్‌లో మా చెల్లె ఇంటికి పోయిన రోజే మా మేనల్లుడు, రెండేళ్లు నిండీ నిండనివాడు, వాకిట్లో పరుగుపందెం పెట్టుకుని, పోటీకి ఎవరూ లేకపోయినా ఓడిపోయి, మోకాలు చెక్కుకుని వచ్చాడు. పిల్లలకు పూసే ఆకుల క్రీము ఏదైనా తెమ్మని చెల్లె నన్ను మందుల దుకాణానికి తరిమింది. అక్కడి కుర్రవాడు చేతిలో పెట్టిన ట్యూబు మీద ఆకులు, పువ్వులు, నవ్వే పసిపాప, అన్నీ ఉన్నాయి. లోపల ఏముందో చెప్పే అక్షరాలు మాత్రం చీమ కూడా కళ్లద్దాలు అడిగేంత చిన్నవి. నేను మూత తీసి వాసన చూశాను.

"సెంటు కొంటున్నవా అన్నా?"

"కర్పూరం గిట్ల కలిసిందా దీంట్ల?"

"ఏం కలుస్తదన్నా, అన్నీ ఆకులే. పూసినా మంచిదే, పూయకున్నా మంచిదే."

తన సరుకు గురించి అంత నిజాయితీగా మాట్లాడిన వ్యాపారిని నేను అంతకుముందు చూడలేదు. నవ్వేవాణ్ణే, కానీ ముక్కులోకి పోయిన ఆ వాసన నవ్వనివ్వలేదు. ముప్పై దాటినా సరే, అది తగిలితే చాలు, నా అరచేతుల్లో ఒక చిన్నపిల్ల మడమలు అదురుతున్నట్టే ఉంటుంది.

నా ఈడువాళ్లకు, ముఖ్యంగా ఆత్మకూరు చుట్టుపక్కల ఊళ్లలో పుట్టినవాళ్లకు, విడమరిచి చెప్పనక్కర్లేదు. మనలో సగం మందిమి అవ్వల చేతుల్లో పెరిగినవాళ్లమే. దసరా పోగానే అమ్మానాయనలు మేస్త్రి తెచ్చిన లారీ ఎక్కి పుణె దిక్కు పనులకు పోయేవాళ్లు. ఉగాదికి వస్తే వచ్చినట్టు, లేకుంటే వానలకు. ఊళ్లో మిగిలేది ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలు. వాళ్లలో పని చేసేది ముసలివాళ్లే. మా అవ్వ, అంటే నాయన తల్లి, మాకు దెబ్బ తగిలితే చూసుకుని నడవనందుకు ముందు ఇంకో దెబ్బ వేసి, ఆ తర్వాత గట్టున మొలిచిన నల్లాలం ఆకు నలిపి పసరు పిండేది. ఆ మంటకు అసలు దెబ్బ సిగ్గుపడి మానిపోయేది. అదే ఆకుతో మేం పలకలు తుడుచుకునేవాళ్లం గనక, వైద్యమూ చదువూ మా ఊళ్లో ఒకే మొక్క మీద నడిచేవి.

అంతదాకా వెంటే తీసుకుపోయిన అమ్మ, చెల్లెకు మూడేళ్లప్పుడు మొదటిసారి దాన్ని విడిచి పోయింది. సిమెంటుకు పగిలిన చేతులకు అమ్మ పుణె సంతలో కొన్న ఒక మలాం రాసుకునేది. గుండ్రటి డబ్బా, మూత మీద పచ్చటి ఆకు బొమ్మ, తీస్తే గుప్పుమని కర్పూరం. రాసుకున్న చేతులతోనే చెల్లెను పక్కలో వేసుకునేది గనక, చెల్లె లెక్కలో అమ్మంటే ఆ వాసనే. పోతూ పోతూ సగం డబ్బాను అవ్వ మోకాళ్లకని ఇంట్లో పెట్టిపోయింది. చెల్లె ఏడుపు ఎంతకీ ఆపకపోతే అవ్వ ఆ మలాం బొంత అంచుకు కొంచెం రాసింది. చెల్లె ఆ అంచును ముక్కుకు ఆనించుకుని నిద్రపోయింది. అవ్వ వైద్యాల్లో మంట లేకుండా పనిచేసింది అదొక్కటే.

అప్పటినుంచి చెల్లెకు దెబ్బలు పెరిగిపోయాయి. దోమ కుట్టినా, గోరు గీసుకున్నా, ఏమీ కాకున్నా వేలు చాపి "అమ్మ మందు పెట్టు" అనేది. నాకు మాత్రం ఎప్పటిలా నల్లాలమే. పెద్దకొడుకునైనందుకు దక్కిన గౌరవం అది.

ఒక మధ్యాహ్నం ఊరి వెనక బండ మీద జారుడాట ఆడి చెల్లె రెండు మోకాళ్లూ మోచేతులూ చీరుకుంది. అవ్వ మందంగా మలాం పట్టించి, పైన పాత చీర పేలికలు బిగించి, డబ్బాను దాని చేతికే ఇచ్చి కూర్చోబెట్టింది. కాసేపటికి పక్కింటి చిన్నమ్మ తొంగిచూసి, "అత్తా, పిల్ల ఏలు పెట్టి నాకుతుంది సూడు" అంది. అవ్వ తల కూడా ఎత్తలేదు. "ఆకుల మందేనాయె, లోపటికి పోతే కడుపు సాఫైతది తియ్."

ఆమెను ఏమనగలం? మా ఇళ్లల్లో పైన పూసేది వేరు, లోపలికి మింగేది వేరు అన్న తేడా ఎప్పుడుంది గనక? పసుపు గాయానికీ కూరకూ, ఆముదం తలకూ కడుపుకూ, ఇక కర్పూరమైతే సాక్షాత్తూ గుడి తీర్థంలోనే ఉండె. దేవుడు తాగేది పిల్ల తాగితే ఏమవుతుంది? తీర్థంలో చిటికెడు కలిపే పచ్చకర్పూరం వేరనీ, మలాంలో దట్టించేది వేరనీ మా ఊళ్లో ఎవరికీ తెల్వదు.

పొద్దు వాలకముందే చెల్లె వాంతి చేసుకుంది, కళ్లు తేలేసింది, కాళ్లూ చేతులూ కొట్టుకోసాగింది. ఎవరో చేతిలో ఇనుప తాళంచెవి పెట్టారు, ఎవరో ముక్కు దగ్గర ఉల్లిగడ్డ చితకొట్టారు. గాలి సోకిందని చిన్నమ్మ తేల్చింది. ఆమె భర్త, ఆటో నడిపే మా చిన్నాయన, బండి తెచ్చి వాకిట్లో ఆపి, "తాయెత్తు కట్టేటాయన కాడికా పెద్దమ్మా, దవాఖానకా?" అని అడిగాడు.

"దవాఖానకే పోనీయ్. దేవునికి ఆటో అక్కర్లే, ఆయనే వస్తడు."

పరేషాన్‌లో చిన్నాయన టేపు ఆపడం మరిచిపోయాడు. ఆత్మకూరు దాకా పెళ్లి పాటలు మోగుతూనే ఉన్నాయి, దారిలో పిల్లలు మాకు చేతులు ఊపుతూనే ఉన్నారు. నేను చెల్లె మడమలు పట్టుకుని కూర్చున్నాను; అవి నా చేతుల్లో ఆగి ఆగి అదురుతున్నాయి, ఆగినప్పుడే ఎక్కువ భయమేసేది. అవ్వ మాత్రం డబ్బా మూత తీసి చెల్లె ముక్కు దగ్గరే పట్టుకుంది. "తల్లి వాసనకైన లేస్తదేమో" అని గొణుగుతూ, వేలితో తీసి దాని ఛాతీ మీద మళ్లీ రాసింది.

ఆత్మకూరులో సూది వేసి వనపర్తికి పంపారు. అక్కడి డాక్టరమ్మ చెల్లె నోటి దగ్గర వంగి వాసన చూసి, అవ్వ చేతిలోని డబ్బా అడిగి తీసుకుంది.

"ఆకుల మందే బిడ్డా, సూడు, బొమ్మ గూడ ఉంది" అంది అవ్వ.

"ఉంది అవ్వా. గన్నేరు చెట్టుకు గూడ ఆకులుంటయి."

చిన్నపిల్లల తోలు పలుచన, తోలు లేచిన చోట పూసి కట్టు కడితే మందు లోపలికి దిగుతుంది, ఇక నోట్లోకి పోయిన కర్పూరం కొంచెమైనా ఇట్లాగే చేస్తుందని ఆమె నెమ్మదిగానే చెప్పింది. పేలికలు విప్పి, ఒళ్లంతా సబ్బునీళ్లతో కడిగించింది. తిట్టి ఉంటే అవ్వ తిరిగి తిట్టేది. తిట్టకపోయేసరికి గోడకు తల ఆనించి నిలబడిపోయింది. తెల్లారి చెల్లె కళ్లు తెరిచింది. తెరవగానే డబ్బా అడిగింది. అవ్వ అప్పటికే దాన్ని తిరిగి తీసుకుని మోరీలో పారేసి వచ్చింది.

మేస్త్రి ఫోనుకు కబురు పోయింది. మలాం తిని పిల్ల పడిపోయిందన్న మాట తప్ప ఇంకేమీ అమ్మకు చేరలేదు. తన దగ్గరున్న డబ్బా విసిరేసి, బట్టల సబ్బుతో చేతులు పుండ్లయ్యేదాకా తోముకుని, పక్కగుడిసె ఆమె చీర అడిగి కట్టుకుని బస్సెక్కి వచ్చింది. వాకిట్లో అమ్మను చూడగానే చెల్లె ఆమె దగ్గరికి పోయింది. అరచేయి పట్టుకుని వాసన చూసింది, చీర కొంగు చూసింది, ఇంకో అరచేయి కూడా చూసింది. ఏడవలేదు. మెల్లగా వెనక్కి వచ్చి అవ్వ వెనక నిలబడి, "ఈమె ఎవరవ్వా?" అంది.

"తోమిన చెంబు లెక్క వస్తే పిల్ల ఎట్ల గుర్తువడ్తదే!" అని అవ్వ అమ్మను కసిరి, పొయ్యి మండకుండానే పొగ వచ్చినట్టు కళ్లు తుడుచుకుంటూ లోపలికి పోయింది.

అమ్మ మళ్లీ పుణె పోలేదు. నాయన ఒక్కడే పోయేవాడు. అమ్మ పల్లి చేలకు కూలికి పోయి మట్టి వాసనతో, పచ్చి పల్లికాయ వాసనతో వచ్చేది. చెల్లె ముందు ఒళ్లో ఉన్న పల్లికాయల కోసం, తర్వాత ఒడి కోసం దగ్గరికి జరిగింది. ఈనాటికీ గుళ్లో కర్పూర హారతి అద్దుకున్న చేతులను అమ్మ తన కళ్లకే ఆనించుకుంటుంది. పక్కన మనవడున్నా ఆ చేతులు వాడిదాకా పోవు. చెల్లెకు ఇదేదీ గుర్తులేదు. అమ్మ గుర్తుచేయనివ్వదు.

అందుకే ట్యూబు తిరిగి ఇచ్చేసి, దూది, కట్టుగుడ్డ కొనుక్కుని వచ్చాను. "తెమ్మన్నదేంది, తెచ్చిందేంది? ఆపరేషన్ చేస్తవా?" అని చెల్లె ఎగతాళి చేస్తూనే వాడి మోకాలు సబ్బునీళ్లతో కడిగింది. వాడు మూడు వీధులు వినేలా ఏడ్చి, అంతలోనే తల్లి మెడలో ముఖం దూర్చేసి మరిచిపోయాడు.

ఇప్పుడు మా ఊళ్ల నుంచి లారీలు అంతగా పోవడం లేదు. మన ఇళ్లు కట్టడానికే ఎక్కడి నుంచో మనుషులు వస్తున్నారు. చెల్లె ఇంటికి ఎదురుగా లేస్తున్న మేడకు సిమెంటు మోసే ఒకామె, పని దిగాక చేతులు కడుక్కుని, ఇటుకల మీద కూర్చుని, ఫోనులో కూతురిని చూస్తూ మాట్లాడుతుంది. వాళ్ల భాష నాకు రాదు. కొంచెం దూరం జరుగు, ముఖం కనిపించట్లేదు అంటుంది కాబోలు, చేత్తో సైగ చేస్తూ నవ్వుతుంది. ఆ పిల్ల జరగదు. తెర నిండా ఒక చిన్న ముక్కు మాత్రమే కనిపిస్తూ ఉంటుంది.